కోర్టు కంటే ఉత్తరాలే ఎక్కువ

పౌరహక్కుల సంస్థల్లో ఇంటర్న్‌షిప్ గురించి ఒక వ్యాసం చదివాను. అక్కడ చేరడమంటే కోర్టు అనుభవం అన్నట్టు రాశారు అందులో, నాకైతే అది సగమే నిజం. చదువుకునే రోజుల్లో అలాంటి సంస్థలో రెండు నెలలు చేశాను, కోర్టు మెట్లెక్కింది రెండుసార్లే. మిగతా రోజులన్నీ జైళ్ల నుంచి వచ్చే ఉత్తరాలు చదవడమే పని. ఒకటి ఇప్పటికీ కళ్లముందే ఉంది. పెన్సిల్‌తో రెండు వైపులా రాసి, చోటు చాలక అంచుల్లో నిలువుగా కూడా రాశాడా ఖైదీ, కానీ ఏడు పేజీల్లో ఎక్కడా అరెస్టు తేదీ లేదు!

1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో తొమ్మిదో అధికరణ ఉంది. అరెస్టు చేసేటప్పుడే కారణం చెప్పాలి, నేరం మోపితే జాప్యం లేకుండా జడ్జి ముందు హాజరుపరచాలి అంటుంది. మరి జాప్యం జరిగిందని చూపించాలంటే ఏ రోజు పట్టుకెళ్లారో, ఏ రోజు హాజరుపరిచారో తెలియాలి కదా. ఇంట్లోవాళ్లు పంపిన కాగితాలన్నీ తిరగేసి ఆ తేదీలు వరసగా రాసేసరికి మూడు రోజులు పట్టింది, లాయర్‌గారు మొదట అడిగింది ఆ కాగితమే.

స్టైపెండ్ గురించి మాత్రం ఆ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. పైసా ఇవ్వకుండా రెండు నెలలు పనిచేయమంటే ఇంట్లో డబ్బున్న పిల్లలే వస్తారు. అన్నకోసమో నాన్నకోసమో పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగిన ఇంటి పిల్లలకు ఆ ఉత్తరాలు మనకంటే బాగా అర్థమవుతాయి, వాళ్లేమో రాలేరు. కనీసం రానుపోను ఖర్చులు, భోజనం ఖర్చు అయినా ఇవ్వాలి.

అప్లై చేసేవాళ్లకు ఒక్కమాట, ఉత్తరాల్లోని పేర్లు ఫ్రెండ్స్ దగ్గర కూడా ఎత్తొద్దు.