ఫ్రిజ్ గెలిచిన అల్లుడు

సీరియల్లో నాది ఇల్లరికపుటల్లుడి వేషం. అందుకని ఏ గేమ్ షోకి పిలిచినా యాంకర్ మొదట అడిగేది ఒకటే: "అత్తగారి పర్మిషన్ తీసుకున్నారా?" నవ్వాలి. నవ్వకపోతే మళ్లీ అడుగుతారు. మొన్న పూందమల్లి దాటాక వేసిన సెట్లోనూ అదే అడిగారు, నవ్వాను. తెలుగు షోకి చెన్నైలో సెట్టేమిటంటే, ఏదో తమిళ షో అయిపోయి ఖాళీగా ఉందట, అద్దె కలిసొచ్చిందట. ఏవో రౌండ్లు అయ్యాయి. చివరి ప్రశ్న: మొదటి తెలుగు టాకీ ఏది? 1932, భక్త ప్రహ్లాద. సినిమావాళ్లుండే సాలిగ్రామంలో కాపురం ఉంటున్నవాణ్ణి అడగాల్సిన ప్రశ్నేనా ఇది! బజర్ నొక్కాను, ఫ్రిజ్ గెలిచాను.

ఫ్లోర్ మేనేజర్ ముందే చెప్పి ఉంచాడు, "సార్, గెలిస్తే ఊరికే నిలబడొద్దు, వెళ్లి ఫ్రిజ్‌ని వాటేసుకోండి" అని. కామెడీ ఆర్టిస్టుకి మామూలుగా వాటేసుకోవడం చేతకాదు కదా. అంత దూరం నుంచి పరుగెత్తుకొచ్చి, చెంప ఆనించి, "మా అత్తగారి మనసులా ఎంత చల్లగా ఉన్నావే తల్లీ!" అన్నాను. నిజానికి చల్లగా ఏమీ లేదు, ప్లగ్గే పెట్టలేదు. ఫ్రిజ్‌కి కట్టిన ఎర్ర రిబ్బన్ నా వాచీకి చిక్కుకుంది. లాగాను. తలుపు తెరుచుకుంది. లోపల సెట్ కుర్రాళ్ల మధ్యాహ్నం భోజనాలు: స్టీలు డబ్బాలు, మజ్జిగ ప్యాకెట్లు, పేపర్లో చుట్టిన అప్పడాలు. పై అరలోని డబ్బా మూత ఊడి, పెరుగన్నం నా సిల్కు జుబ్బా మీదుగా, కాలర్ మైకు మీదుగా చెప్పుల దాకా దిగింది. అందులో దానిమ్మ గింజలు కూడా ఉన్నాయి. ఏ ఇల్లాలో ఎంత శ్రద్ధగా కలిపిందో పాపం. వెనక నుంచి కేక: "ఐయో సార్, అదు ఎన్ సాపాడు!" రోజుకూలీకి వచ్చిన ఆడియన్స్ చప్పట్లు కొట్టాలో వద్దో తెలీక బిక్కమొహాలు వేశారు. చప్పట్లు కొట్టించే అమ్మాయి చెయ్యెత్తింది. కొట్టేశారు.

జుబ్బా మార్చుకుని వచ్చేసరికి అకౌంట్స్ మనిషి కాగితంతో రెడీగా ఉన్నాడు. గేమ్ షో బహుమతికి 30 శాతం టీడీఎస్, అంటే ముందే కోసుకునే పన్ను. నగదైతే వాళ్లే పట్టుకుని మిగతాది ఇస్తారు. ఫ్రిజ్‌లోంచి ఓ అర కోసి ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకి పంపలేరు కాబట్టి, ముందు ఆ డబ్బు కడితేనే వస్తువు కదులుతుంది. చట్టంతో నాకు పేచీ లేదు. ఈయనగారు లెక్క కట్టింది స్టిక్కర్ మీది ఎమ్మార్పీకి: 40,000, అంటే నా వంతు 12,000. ఉస్మాన్ రోడ్డులో ఇదే ఫ్రిజ్ 28,000కి ఇచ్చి పైన కుక్కర్ కూడా ఇస్తున్నారు బాబూ అంటే, "సిస్టమ్‌లో ఇదే ఉంది సార్" అన్నాడు, తలెత్తకుండా. కుక్కర్ సిస్టమ్‌లో లేదట.

కట్టాను. ఫ్రిజ్ ఇంకా రాలేదు. ప్రోమో మాత్రం వచ్చింది. అందులో భక్త ప్రహ్లాదా లేదు, బజరూ లేదు. పెరుగన్నం ఉంది, స్లో మోషన్లో.