కళాఖండాలు అరువు పుట్టని ఊరు

2023 జులైలో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ‘ట్రీ అండ్ సర్పెంట్’ అనే ప్రదర్శన తెరిచారు. క్రీస్తుపూర్వం 200 నుంచి క్రీస్తుశకం 400 దాకా మన దేశంలో వెలసిన బౌద్ధ శిల్పం దాని విషయం. 125కు పైగా వస్తువులు పెడితే అమరావతి, నాగార్జునకొండ, సూర్యాపేట జిల్లా ఫణిగిరి రాళ్లకు పెద్దపీట వేశారు. నవంబరులో అక్కడ ముగించి, డిసెంబరులో సియోల్‌లోని కొరియా జాతీయ మ్యూజియంలో పెట్టారు. 2024 ఏప్రిల్ దాకా కొరియావాళ్లు చూశారు. కృష్ణ ఒడ్డు రాయిని న్యూయార్క్ చూసింది, సియోల్ చూసింది. విశాఖపట్నం చూడలేదు.

ఇది చిన్నచూపని ఎవరినైనా తిట్టుకోవచ్చు. నా లెక్కలో కారణం అంతకంటే చిన్నది, అంతకంటే ఇబ్బందికరమైనది. ఆ పెట్టెలు తెచ్చి మన గుమ్మంలో దించినా, వాటిని విప్పి ధీమాగా చూపించగల గది ఈ ఊళ్లో నాకు ఒక్కటీ కనబడదు.

పెద్ద మ్యూజియాల ప్రదర్శనల వార్తల్లో మనం బొమ్మ పేరు, గీసినవాళ్ల పేరు, క్యూ పొడవు చూస్తాం. అసలు కథ అంతకు చాలా ముందే కాగితాల మీద నడుస్తుంది. బ్రిటిష్ మ్యూజియం 2026 సెప్టెంబరు నుంచి 2027 జులై వరకు పెడతామన్న బేయూ టాపెస్ట్రీ సంగతే తీసుకోండి. నార్మన్లు ఇంగ్లండును గెలిచిన కథ చెప్పే 11వ శతాబ్దపు కుట్టుపని అది, దాదాపు 70 మీటర్ల గుడ్డ. ఫ్రాన్స్ ఊరికే ఇవ్వడం లేదు. బదులుగా బ్రిటిష్ మ్యూజియం సొత్తయిన సటన్ హూ పాతనిధిలోని వస్తువులు, లూయిస్ అనే పాతకాలపు చదరంగం పావులు ఫ్రాన్స్‌లోని నార్మండీకి వెళ్లాలి. దారి కుదుపులకు గుడ్డ పాడవుతుందని ఫ్రాన్స్‌లో పెద్ద గొడవే అయింది. నష్టం జరిగితే మాదే పూచీ అని బ్రిటన్ ప్రభుత్వం ముందుకొచ్చింది. ఆ పూచీ విలువ దాదాపు 80 కోట్ల పౌండ్లని అక్కడి పత్రికలు రాశాయి. ఇలా ప్రభుత్వమే పూచీ పడే పద్ధతి అక్కడ 1980 నుంచి ఉంది. ప్రతిదానికీ ప్రైవేటు బీమా కట్టమంటే చాలా మ్యూజియాలు అరువు మాటే ఎత్తవు.

పూచీ ఒక్కటే చాలదు. అరువిచ్చే మ్యూజియం ముందుగా ఒక ఫారం పంపుతుంది. గదిలో ఉష్ణోగ్రత ఎంత, తేమ ఎంత, దానికి ఏడాది పొడవునా రికార్డు ఉందా? కరెంటు పోతే ఏసీ ఎంతసేపట్లో అందుకుంటుంది? లారీ నుంచి పెట్టె వానలో తడవకుండా లోపలికి వస్తుందా? రాత్రి కాపలా ఎవరు? వరద, తుపాను ముప్పు ఉందా? చివరి ప్రశ్నకు జవాబు రాయడానికి మనకు పెన్ను కదలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ బీచ్‌రోడ్డును ఏం చేసిందో ఊరంతా చూసింది.

తేమ విషయంలో మ్యూజియాలు చాలాకాలంగా వాడుతున్న కొలత 50 శాతం, అటూఇటూగా 5. ఈమధ్య కొందరు కాస్త సడలించారు. మనకు బయటి గాలిలో 70 శాతం దాటడం మామూలు రోజు సంగతి. విశాఖ చెమట తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అయితే తేమ ఎక్కువగా ఉండటం కంటే అది ఎక్కుతూ దిగుతూ ఉండటమే పెద్ద ప్రమాదం. పగలంతా ఏసీ వేసి, సాయంత్రం తాళం వేసేటప్పుడు ఆపేసి వెళ్లడం మన ఆఫీసుల అలవాటు. ఫైళ్లకు, కంప్యూటర్లకు దాంతో పోయేదేమీ లేదు. పాత చెక్క మాత్రం రాత్రి తేమ పీల్చి ఉబ్బుతుంది, పగలు ఆరి ముడుచుకుంటుంది. రోజూ అదే తంతు అయితే ఏదో ఒకరోజు పగులుతుంది.

ఇప్పుడు మనకున్నవి చూడండి. 2002లో తెరిచిన కురుసుర జలాంతర్గామి, దానికి ఎదురుగా 2017 డిసెంబరులో వచ్చిన టీయూ-142 విమానం, ఆ తర్వాత సీ హారియర్ యుద్ధవిమానం, హెలికాప్టర్. పాత డచ్చి బంగ్లాలో 1991లో పెట్టిన విశాఖ మ్యూజియంలో కూడా జనం ముందుగా వెతికేది 1942 ఏప్రిల్‌లో జపాన్ వేసిన, పేలని బాంబునే. నేవీ ఊరు కాబట్టి ఇలా ఉండటం సహజమే. కానీ ఇంకో సంగతీ ఉంది. ఉప్పుగాలికి తట్టుకునేవీ, తుప్పు పడితే గీకి రంగు వేసుకోగలిగేవీ ఎక్కువగా మనం మ్యూజియాలుగా పెట్టాం. కాగితం, గుడ్డ, చెక్క, దంతం మన పట్టికలో ముందు వరసకు రాలేదు.

ఇక్కడి జనానికి మ్యూజియం టేస్ట్ లేదు, పెట్టినా ఎవరు చూస్తారు అనేవాళ్లున్నారు. వాళ్లు ఒక ఆదివారం సాయంత్రం కురుసుర దగ్గరికి వెళ్లాలి. లోపలికి దూరి, తల వంచి గుండ్రటి తలుపు దాటితే కిందినుంచి పైదాకా పైపులు, మీటర్లు, వాల్వులు. మనిషి పక్కకు తిరగడానికి ఆలోచించాల్సిన బెర్తులు. చూపించేది రిటైరైన నేవీవాళ్లు. ఇక్కడే తిన్నాం, ఇక్కడే పడుకున్నాం అని వాళ్లు చెబుతుంటే బయట అల్లరి చేసిన పిల్లలు కూడా నోరెత్తరు. చూసేవాళ్లకు కొరత లేదు. చెప్పేవాళ్లుంటే జనం నిలబడి వింటారు.

ఇంతకీ ఈ ఊరి పేరుతోనే ప్రపంచ మ్యూజియాల్లో ఒక పనితనం ఉంది. 18వ శతాబ్దంలో ఇక్కడి పనివాళ్లు ఈస్టిండియా కంపెనీ దొరల కోసం కుర్చీలు, బీరువాలు, రాతపెట్టెలు చేశారు. గంధపు చెక్క, జిట్రేగి చెక్క మీద ఏనుగుదంతం రేకులు తాపి, వాటి మీద సన్నటి తీగలు, పూలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. అచ్చం ఇంగ్లీషు ఇంటి ఆకారంలో ఉండే పెట్టెలు కూడా చేశారు, వాటికి పైకప్పే మూత. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇలాంటివి ‘వైజాగపటం’ పేరుతోనే ఉన్నాయి. వైజాగ్‌లో పుట్టి పెరిగిన వాళ్లలో వాటిని కళ్లారా చూసినవాళ్లు ఎంతమంది?

అందులో ఒక్క పెట్టెను నాలుగు నెలల పాటు పుట్టిన ఊరికి రప్పిద్దామనుకుందాం. ఏనుగుదంతం కాబట్టి దేశం దాటాలంటే సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) పర్మిట్లు కావాలి. అది కాగితాల పని, ఆలస్యమైనా అవుతుంది. గాలితోనే చిక్కు. తరతరాలుగా ఇంగ్లండు పొడి గదులకు అలవాటుపడ్డ చెక్క ఇక్కడి తేమకు ఉబ్బుతుంది. దంతపు రేకు దానితో సమానంగా సాగదు. మధ్యలో జిగురు వదిలి రేకు లేస్తుంది. ఇక్కడే పుట్టిన పెట్టెకు ఇక్కడి గాలి పడదన్నమాట.

రాళ్లకేం భయం అనుకోవడానికీ లేదు. అమరావతి శిల్పాలు పల్నాడు సున్నపురాయి, ఉప్పుకు, మురికిగాలికి తినేసుకుపోయే రకం. బ్రిటిష్ మ్యూజియం వాటిని ఏళ్ల తరబడి నేలమాళిగలో ఉంచేసి, 1992లో అద్దపు గోడ, ఏసీ ఉన్న గది కట్టాకే మళ్లీ జనానికి చూపించింది.

కొచ్చి కూడా సముద్రం పక్కనే కదా, అక్కడెలా జరుగుతోంది అని అడగొచ్చు. మంచి ప్రశ్నే. 2012 డిసెంబరు 12న మొదలైన కొచ్చి-ముజిరిస్ బియెనాలే అనే కళాప్రదర్శన పాత గోదాముల్లో, బంగ్లాల్లో నడుస్తోంది. ఆరో విడతకు 2025 డిసెంబరు 12 నుంచి 2026 మార్చి 31 దాకా అని తేదీలు పెట్టుకున్నారు. కానీ అక్కడ పెట్టేది ఎక్కువగా ఇవాళ్టి కళాకారుల పని. ఆ గోడలు, ఆ తేమ తెలిసే చేస్తారు. మన పాత ఊళ్లో కూడా అలాంటి కట్టడాలున్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ పిల్లల చేతికి నాలుగు నెలలు ఇచ్చి చూడొచ్చు, తప్పకుండా ఇవ్వాలి కూడా. అది వేరే పని, ఇది వేరే పని. రెండూ కలిపేసి ఒకే ‘కల్చరల్ హబ్’ అని బోర్డు పెడితే రెండూ జరగవు.

ఢిల్లీలో నార్త్ బ్లాక్, సౌత్ బ్లాకుల్లో రాబోయే యుగే యుగీన్ భారత్ మ్యూజియానికి దాదాపు 950 గదులుంటాయని కేంద్రం చెప్పింది. మనకు ఒకటి చాలు. రెండు మూడు వేల చదరపు అడుగులు, కిటికీల్లేనిది, సముద్రానికి దూరంగా మధురవాడ వైపో ఆరిలోవ వైపో కాస్త ఎత్తున. ఇరవై నాలుగు గంటలూ ఆగని ఏసీ, తేమ లాగే యంత్రాలు, సొంత జనరేటరు. వస్తువులు పాడవకుండా చూసే ఒక కన్జర్వేటర్, అరువు కాగితాలు చూసుకునే ఒక రిజిస్ట్రార్, ఇద్దరికీ పర్మనెంట్ ఉద్యోగం. నాకు భయం మన అలవాటు గురించే. మ్యూజియం అనగానే బీచ్‌రోడ్డులో శంఖం ఆకారంలోనో ఓడ ఆకారంలోనో నమూనా గీయించి, ఏసీ ప్లాంటును రెండో దశకు నెట్టేస్తారు. కైలాసగిరి మీద గాజు వంతెన కట్టినంత తేలిక కాదిది. ఇందులో ఫొటోకు పనికొచ్చేది తక్కువ, నెలనెలా కట్టాల్సిన కరెంటు బిల్లు ఎక్కువ.

మొదటి అరువుకు లండన్ గుమ్మం ఎక్కక్కర్లేదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రాల గ్యాలరీ ఉంది. 1897లో పుట్టి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచితో పోయిన మనిషి. వెలుగుకు రంగు వెలిసిపోతుంది కాబట్టి ఆయన నీటిరంగుల బొమ్మలను 50 లక్స్‌కు (వెలుగు కొలత) మించని మసక వెలుగులో కొన్ని నెలలు చూపించి, మళ్లీ చీకట్లో దాచాలి. ఆ క్రమశిక్షణ మనవల్ల అవుతుందో లేదో అక్కడే తేలిపోతుంది. తర్వాత చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, ప్యారిస్‌లో అటెలియే 17 అనే ప్రింట్ల కార్యశాలలో విస్కాసిటీ ప్రింట్‌ (ఒకే పలక మీద పలుచన, చిక్కన రంగులు వేసి పలు రంగుల్లో అచ్చు తీసే పద్ధతి)కు రూపమిచ్చినవాళ్లలో ఒకరైన కృష్ణారెడ్డి పని. ప్రింట్లు కాగితాలే కాబట్టి రవాణా తేలిక. బౌద్ధ శిథిలాలున్న తొట్లకొండ మీద దొరికిన రోమన్ వెండి నాణేలను కూడా అడగొచ్చు. ఇవన్నీ చెక్కుచెదరకుండా తిరిగిచ్చి, రెండేళ్ల తేమ రికార్డు చేతిలో పట్టుకుని వెళ్తే, దంతపు పెట్టె కోసం విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌ను అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఆ రికార్డు మొదలుపెట్టడానికి కొత్త భవనం కూడా అక్కర్లేదు. ఉష్ణోగ్రత, తేమ గంటగంటకూ రాసిపెట్టే చిన్న మీటరు కొన్ని వేల రూపాయలకు దొరుకుతుంది. ప్రభుత్వం చేతిలో ఉన్న నాలుగైదు భవనాల్లో ఒక్కోటి పెట్టి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూసి, ఏ గదిలో ముల్లు తక్కువ ఊగుతుందో తేలాక టెండరు పిలవొచ్చు.