గాజులు ఎక్కని చెయ్యి: ప్రతి కీళ్లనొప్పీ నీళ్ల వల్ల కాదు

కనిగిరి దగ్గర మా పిన్ని వాళ్ల ఊరికి ఏటా సంక్రాంతి ముందు గాజులావిడ వస్తుంది. నాలుగేళ్ల కిందట ఆమె ఎప్పటిలాగే పిన్ని చేతిని తన గుప్పిట్లోకి తీసుకుని, బొటనవేలు లోపలికి మడిచి, వేళ్ల మొదళ్లను రెండు వైపుల నుంచీ దగ్గరికి నొక్కింది. పిన్ని కేక పెట్టింది. అంతకుముందు ఏడాది ఇట్టే జారిన ‘రెండు నాలుగు’ సైజు గాజులు పిడికిలి కణుపుల దగ్గరే ఆగిపోయాయి. రెండో చెయ్యీ అంతే. “అంతా ఈ నీళ్లేనమ్మా” అంది గాజులావిడ. మేమూ అదే నమ్మాం.

నమ్మకుండా ఎలా ఉంటాం? కనిగిరి, పొదిలి, దర్శి వైపు, అటు ఉదయగిరి మెట్టలోనూ బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎన్ని నడుములు వంచేసిందో చూస్తూ పెరిగినవాళ్లం. కానీ ఆ జబ్బు తీరు వేరు. ఫ్లోరైడ్ ఎముకలో పేరుకుని దాన్ని మందంగా, పెళుసుగా చేస్తుంది. ఎముకలను కలిపే కట్లు కూడా గట్టిపడి మెడ తిరగదు, నడుం వంగదు. పిన్నికి వచ్చింది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. ఇది ఎక్కువగా చేతుల్లో, పాదాల్లో ఉండే చిన్న కీళ్లతో, రెండు వైపులా మొదలవుతుంది. పొద్దున లేచాక గంటా రెండు గంటలు వేళ్లు ముడుచుకోవు, ముగ్గుపిండి చిటికెలో నిలవదు. ఫ్లోరైడ్ కీళ్లను బిగించేస్తే, ఇది ఎముకను కొరికేస్తుంది. ఆ కొరకడం వెనక మనల్ని కాపాడాల్సిన యాంటీబాడీల చెయ్యి ఉంటుంది.

యాంటీబాడీ అంటే బయటి క్రిమిని గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్. ఈ జబ్బులో ముఖ్యంగా రెండు రకాలు దారి తప్పుతాయి. మొదటిది రుమటాయిడ్ ఫ్యాక్టర్. మన ల్యాబుల్లో ‘ఆర్ఏ ఫ్యాక్టర్’ అంటారు. 1940లో నార్వేకి చెందిన ఎరిక్ వాలర్ దీని జాడ పట్టాడు. ఇది మన సొంత యాంటీబాడీల తోకనే పట్టుకునే యాంటీబాడీ. రెండోది యాంటీ సీసీపీ. మన ప్రోటీన్లలోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని కొన్ని ఎంజైములు సిట్రులిన్‌గా మారుస్తాయి. వాపు వచ్చినచోట ఇది ఎవరికైనా జరిగేదే. కొందరిలో, అందులోనూ సొంతదేదో పరాయిదేదో గుర్తుపట్టడంలో తోడ్పడే హెచ్ఎల్ఏ జన్యువుల్లో కొన్ని రకాలు ఉన్నవాళ్లలో, రోగనిరోధక వ్యవస్థ ఆ మారిన ప్రోటీన్‌ను పరాయిదిగా లెక్కేసి దాని మీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవే యాంటీ సీసీపీ.

అసలు కథ కీలు లోపల. యాంటీబాడీలూ, అవి పట్టుకున్న ప్రోటీన్లూ కలిసి ముద్దలు కడతాయి. రుమటాయిడ్ ఫ్యాక్టర్ వాటికి అతుక్కుని ముద్దను ఇంకా పెద్దది చేస్తుంది. అది కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లను రేపుతుంది, క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాల చేత టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి వాపు రసాయనాలను కక్కిస్తుంది. పరిగెత్తుకొచ్చిన న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు చనిపోతూ తమ డీఎన్ఏని వలలా విసురుతాయి. ఆ వల నిండా మళ్లీ సిట్రులిన్ ప్రోటీన్లే, అంటే యాంటీబాడీలకు కొత్త మేత. ఇలా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటుంటే కీలు లోపలి పల్చటి పొర ఉబ్బి, మృదులాస్థి మీదికి పాకుతుంది. ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలు పెరుగుతాయి. యాంటీబాడీలే ఆ కణాలను నేరుగా రెచ్చగొడతాయా అన్నదానిపై శాస్త్రవేత్తల్లో ఇంకా వాదన ఉంది. యాంటీ సీసీపీ ఉన్నవాళ్లలో ఎముక నష్టం ఎక్కువన్నదాంట్లో మాత్రం లేదు. యాంటీబాడీలను తయారుచేసే కణాలకు మూలమైన బీ కణాలను తగ్గించే రిటక్సిమాబ్ మందు, ఈ యాంటీబాడీలు ఉన్న రోగుల్లో మరింత బాగా పనిచేస్తుందన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి.

నన్ను అన్నిటికన్నా కదిలించింది ఇంకో సంగతి. నెదర్లాండ్స్‌లో రక్తదానం చేసినవాళ్లలో కొందరికి తర్వాత ఈ జబ్బు వచ్చింది. వాళ్ల పాత రక్తం నమూనాలను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు సగం మందిలో నొప్పి మొదలవడానికి ఏళ్ల ముందే ఈ యాంటీబాడీలు ఉన్నాయి. అంటే పిన్ని రెండు చేతులా తడిబట్టలు పిండుతూ, గాదె కింద ఊడ్చుకుంటూ తిరిగిన రోజుల్లోనే లోపల ఇది రాజుకుంటూ ఉండొచ్చు.

ఎక్కడ రాజుకుంటుందంటే, చాలామందిలో ఊపిరితిత్తుల్లోనో చిగుళ్లలోనో అని ఇప్పుడు భావిస్తున్నారు. పొగతాగేవాళ్లకు యాంటీ సీసీపీ ఉన్న రకం జబ్బు ముప్పు ఎక్కువ. సిలికా ధూళి పీల్చేవాళ్లకూ అంతే. మార్కాపురం పలకల పనిలో ధూళి పీల్చినవాళ్లు, పొగాకు పండించే మన పల్లెల్లో చుట్ట వదలని పెద్దాయనలు కీళ్లనొప్పితో వస్తే ఇది రుమటాయిడా అన్న ప్రశ్న అడగాల్సిందే. పొగాకు ఆకు ముట్టుకున్నందుకు జబ్బు వస్తుందని కాదు, ముప్పు పొగలో ఉంది.

ఇక రిపోర్టుల గందరగోళం. ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ అని కాగితం రాగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్. క్షయ, హెపటైటిస్-సి ఉన్నవాళ్లలోనూ, ఏ జబ్బూ లేని కొందరు ముసలివాళ్లలోనూ అది పాజిటివ్ వస్తుంది. 2010 నాటి అంతర్జాతీయ ప్రమాణాల్లో 10కి 6 మార్కులు వస్తేనే రుమటాయిడ్ అంటారు. యాంటీబాడీలకు ఎంత ఎక్కువున్నా 3 మార్కులే. కీలు వాపు కంటికీ చేతికీ తెలియాలి. యాంటీ సీసీపీ మరింత నమ్మదగిన పరీక్ష. అయితే రెండూ నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. రోగుల్లో సుమారు ఐదో వంతు మందికి ఇవి కనపడవు.

పిన్ని విషయంలో పోయింది కాలం. రెండేళ్లపాటు ఊళ్లో నొప్పి సూదులు, స్టెరాయిడ్ మాత్రలు. వాటితో వాపు తగ్గింది, లోపల ఎముక మాత్రం తరుగుతూనే ఉంది. నెల్లూరు వాళ్లలాగే మేమూ చివరికి మద్రాసు రైలెక్కాం. అక్కడి డాక్టరమ్మ కాగితాలు చూడకముందే చెయ్యి అందుకుని వేళ్ల మొదళ్లను అడ్డంగా నొక్కింది, అచ్చం గాజులావిడలాగే. ఈ జబ్బును మొదట్లోనే అనుమానించడానికి వాడే పరీక్ష అదే. దానికి కరెంటు అక్కర్లేదు, ల్యాబు అక్కర్లేదు. మా ఊళ్లల్లో ఫ్లోరైడ్ కోసం ఇంటింటికీ తిరిగే సిబ్బంది ప్రతి కీళ్లనొప్పి మనిషి చేతినీ ఒక్కసారి అలా నొక్కి, పొద్దున ఎంతసేపు బిగుసుకుంటున్నాయో అడిగి, అనుమానం ఉన్నవాళ్లను రక్తపరీక్షకు పంపాలి. వాపు మొదలైన మొదటి నెలల్లో మందు పడితే ఎముక చాలావరకు దక్కుతుంది.

పిన్ని ఇప్పుడు ఈ జబ్బును అదుపులో పెట్టే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకుంటోంది. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందని డబ్బా మీద ‘ఆదివారం’ అని రాసి పెట్టాం. పొద్దున బిగుతు పావుగంటకు తగ్గింది. మొన్న సంక్రాంతికి గాజులు ఎక్కాయి, కాకపోతే రెండు ఎనిమిది సైజు. కుడి చూపుడువేలు వంకర అలాగే ఉండిపోయింది.