ఊరికే ఇచ్చే పత్రిక: బాబాయితో ఒక వాదన

మా బాబాయి ఏళ్ల తరబడి చందా కట్టి పత్రిక చదువుతున్న మనిషి. నేను కాలేజీలో ఉండగా రెండేళ్లు విద్యార్థి పత్రిక నడిపాను. ఉచితంగా పంచే పత్రికలు, పేటలో పంచేవైనా కాలేజీలో పంచేవైనా, చదవదగ్గవేనా అన్నది మా ఇద్దరి మధ్య పాత తగవు. మొన్న ఆదివారం అది మళ్లీ రాజుకుంది. ఆయన మాటల్లో పదును తగ్గించకుండా రాస్తున్నాను.

బాబాయి: కొన్న పత్రికలో తప్పు కనిపిస్తే నిలదీస్తాను. చందా ఆపేస్తానని ఉత్తరం రాస్తాను. దారిలో ఎవరో చేతిలో పెట్టిన కాగితాన్ని ఏ హక్కుతో నిలదీయాలి? పుణ్యానికి పుట్టెడు ఇస్తే పిచ్చకుంచమని పోట్లాడాడంటారు. నాకు ఆ సామెత నచ్చదు. పుణ్యానికి ఇచ్చినా కొలత తక్కువైతే తక్కువే. కానీ అడిగితే వినేదెవరు? వాళ్లకు డబ్బిచ్చేది ప్రకటనదారు. ఆయన మాటే వింటారు.

నేను: మీరు కొనే పత్రికను మాత్రం మీ చందా ఒక్కటే నడుపుతోందా బాబాయ్? 1833లో న్యూయార్క్‌లో ‘ది సన్’ అనే పత్రిక వచ్చింది. మిగతా దినపత్రికలు ఆరు సెంట్లకు అమ్ముతుంటే అది ఒక్క సెంటుకే ఇచ్చింది. ఆ లోటును ప్రకటనలు పూడ్చాయి. అప్పటి నుంచీ పాఠకుడు ఇచ్చేది కొంత, ప్రకటనదారు ఇచ్చేది కొంత. ఒక సెంటు నుంచి సున్నాకు దిగడం పెద్ద దూరమేమీ కాదు. 1995లో స్టాక్‌హోమ్ భూగర్భ రైల్వేలో ‘మెట్రో’ పత్రిక ఆ పని చేసింది, ఆ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది.

బాబాయి: పాకింది సరే, నిలిచిందా? అదే స్వీడన్‌లో 2019లో ఆ పత్రిక అచ్చు ఆగిపోయింది. లండన్ ‘ఈవెనింగ్ స్టాండర్డ్’ 2009లో ఉచితమైంది, 2024కల్లా దినపత్రికగా లేకుండా పోయి వారపత్రికగా మిగిలింది. ప్రకటనలు ఫోన్లలోకి వెళ్లిపోయాయి, ప్రయాణికుడి కళ్లూ అటే వెళ్లాయి. ఆ పత్రికను బతికించాలని చందాదారుడు ఒక్కడైనా ముందుకు రావడానికి, అసలు దానికి చందాదారుడే లేడు కదమ్మా. పాఠకుడు ఏమీ పెట్టని చోట పాఠకుడికి ఏ బాధ్యతా ఉండదు.

(ఈ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఇప్పటికీ పూర్తి జవాబు లేదు.)

నేను: రైళ్లలో పంచే పెద్ద పత్రికల సంగతి మీరు చెప్పినట్టే కావచ్చు. నేను మాట్లాడేది చిన్నవాటి గురించి. గ్రంథాలయం మూసే వేళను రెండు గంటలు ముందుకు జరిపితే మీ పత్రిక రాస్తుందా? పేటలో కాలువ తవ్వి ఆరు నెలలు పూడ్చకపోతే విలేకరిని పంపుతుందా? పంపదు, దాని పరిధి వేరు. ఆ వార్త ఎవరికి కావాలో వాళ్లు నాలుగు వందల మంది ఉంటారు. ఆ నాలుగు వందల మంది కోసం అచ్చయ్యేది ఈ ఊరికే ఇచ్చే కాగితమే.

పెద్ద పత్రికలు చూడని చోట ఇవి ఏం చూడగలవో ఒకటి చెబుతాను. 2017లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, పిట్స్‌బర్గ్ అనే చిన్న ఊరి ఉన్నత పాఠశాలకు కొత్త ప్రిన్సిపాల్‌ను నియమించారు. ఆమెను పరిచయం చేస్తూ ఒక వ్యాసం రాద్దామని పిల్లల పత్రిక పూనుకుంది. ఎప్పుడూ ఉండే పనే. ఆమెకు పట్టాలు ఇచ్చిందన్న విశ్వవిద్యాలయం గురించి వెతికారు. దానికి గుర్తింపు ఉన్న దాఖలా కనిపించలేదు. ఆమెనే అడిగారు, జవాబులు పొసగలేదు. ఉన్నదున్నట్టు అచ్చువేశారు. కొద్ది రోజుల్లోనే ఆమె రాజీనామా చేశారు. నియామకం చేసిన పెద్దలు చూడనిది బడి పిల్లలు చూశారు బాబాయ్. వాళ్లకు జీతం లేదు, పత్రికకు వెల లేదు. ఆ బడిలో మర్నాడు ఉదయం కూర్చోవలసింది మాత్రం వాళ్లే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, మన పేట పత్రికల మీద మనకున్న చులకన అదే.

బాబాయి: అది లక్షలో ఒకటి. తక్కినవాటిలో సగం ప్రకటనలు, పావు వంతు సన్మానాల ఫొటోలు. అచ్చుతప్పుల లెక్క చెప్పనక్కర్లేదు.

నేను: అచ్చుతప్పులు నిజమే, ప్రూఫులు దిద్దే మనిషికి మర్నాడు పరీక్ష ఉంటుంది. కానీ చదివేవాళ్లు లేరని మాత్రం అనకండి. నేను పొద్దున్నే కట్ట విప్పి స్టాండులో పెట్టి పక్కనే నిలబడేదాన్ని. ఎవరు ఏ పేజీ ముందు తిప్పుతారో, ఎక్కడ ఆగుతారో చూసేదాన్ని. చాలామంది వెనుక పేజీ నుంచి మొదలుపెట్టేవారు, తమ విభాగం పేరు వెతికేవారు. ఎన్ని ముద్రించామన్నది మాకు లెక్క కాదు, సాయంత్రానికి స్టాండులో ఎన్ని మిగిలాయన్నదే లెక్క. గ్రంథాలయం వార్త వేసిన రోజు నాలుగు గంటలకే స్టాండు ఖాళీ. ఒక సన్మానం ఫొటో పెద్దదిగా వేసిన వారం కట్టకు కట్టిన పురికొస గుర్తు కూడా పోకుండా ప్రతులు అలాగే ఉన్నాయి. అంతకన్నా ముక్కుసూటి అభిప్రాయం ఏ పాఠకుడు చెబుతాడు?

బాబాయి: ఖాళీ అయిందంటే చదివారనేనా? ఎవరో కట్టలు కట్టలుగా ఎత్తుకుపోయి ఉండవచ్చు.

నేను: అదీ జరిగింది. ఒక వారం మొత్తం కట్టలు తెల్లారేసరికి మాయమయ్యాయి. దొంగతనమని ఫిర్యాదు చేయబోతే, ఊరికే పంచేది పోతే దొంగతనం ఎలా అవుతుందన్నారు.

బాబాయి: వాళ్లన్నది సబబే. వెల లేని వస్తువు, తీసుకోమనే పెట్టారు, తీసుకున్నారు.

నేను: ఒక్కటి తీసుకోమని పెట్టాం. నలుగురి కోసం పెట్టిన కుండను ఒకరు ఒలకబోస్తే నీళ్లు ఉచితమే కదా అంటారా? 2002లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, బర్క్‌లీ నగర మేయరు ఎన్నికకు ముందు, ఒక విద్యార్థి పత్రిక ప్రత్యర్థిని బలపరిచిందని టామ్ బేట్స్ అనే అభ్యర్థి దాదాపు వెయ్యి ప్రతులు పారేశాడు. తర్వాత తప్పు ఒప్పుకున్నాడు, వంద డాలర్ల జరిమానా కట్టాడు. కాలిఫోర్నియా చట్టమే చేసింది. ఇతరులకు అందకుండా చేయాలని ఉచిత పత్రికలను 25 ప్రతులకు మించి ఎత్తుకుపోతే నేరం.

బాబాయి: ఆ ఎన్నికలో ఎవరు గెలిచారు?

నేను: ఆయనే.

బాబాయి: చూశావా.

నేను: గెలిచేవాడికి కూడా ఆ వెయ్యి కాగితాలంటే భయం వేసింది. నాకు అది చాలు.

బాబాయి: సరే, ఆ గొడవ వదిలెయ్. నా అసలు భయం వేరే ఉంది. నువ్వు పొగిడే ఆ దగ్గరితనమే ప్రమాదం. పెద్ద పత్రికలో నా పేరు తప్పుగా పడితే నా చుట్టూ ఉన్నవాళ్లలో ఎందరు చూస్తారో తెలియదు. కాలేజీ పత్రికలో ఒక కుర్రవాడి పేరు తప్పుగా పడితే, చూసే ప్రతివాడూ అతన్ని ఎరిగినవాడే. రాసినవాళ్లు ఏడాది తిరిగేసరికి చదువు ముగించి వెళ్లిపోతారు. కొత్తవాళ్లకు ఆ సంగతే తెలియదు. వెబ్‌సైటులో మాత్రం ఆ పేరు అలాగే ఉంటుంది, రేపు ఉద్యోగం ఇచ్చేవాడు వెతికితే మొదట అదే కనిపిస్తుంది. అనుభవం ఉన్న పెద్దవాళ్లు ఒకరు ముందే చూసి పంపితే తప్పేమిటి?

నేను: చూస్తే తప్పు లేదు బాబాయ్, తీసేస్తేనే తప్పు. 1983లో మిస్సోరిలోని హేజెల్‌వుడ్ బడిలో ప్రిన్సిపాల్ పిల్లల పత్రికలోంచి రెండు పూర్తి పేజీలు తీసేయించారు. ఒక వ్యాసం గర్భవతులైన విద్యార్థినుల గురించి, ఇంకొకటి తల్లిదండ్రుల విడాకుల గురించి. ఆ పేజీల్లో ఉన్న వేరే వార్తలూ వాటితోపాటే పోయాయి. 1988లో అమెరికా సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా బడి పక్షానే తీర్పిచ్చింది.

బాబాయి: ఆ ప్రిన్సిపాల్ చెప్పిన కారణం ఏమిటి?

నేను: పేర్లు మార్చినా ఆ అమ్మాయిలు ఎవరో తోటివాళ్లు పోల్చుకుంటారని. విడాకుల వ్యాసంలో తండ్రికి జవాబు చెప్పే అవకాశం ఇవ్వలేదని.

బాబాయి: నేను ఇందాకటి నుంచి చెబుతున్నది అదే కదమ్మా.

నేను: భయం న్యాయమైనదే. దానికి మందు రెండు పేజీలు చింపడం కాదు. తండ్రిని అడిగి రమ్మని పిల్లల్ని పంపవలసింది. తీసేస్తే పిల్లలు నేర్చుకునేది జాగ్రత్త కాదు, ఊరుకోవడం. పేరు తప్పుగా పడే సంగతి మీరే ఎత్తారు గనుక నా తప్పు చెబుతాను. హాస్టల్‌లో జరిగిన ఒక గొడవ మీద మేం మొదటి పేజీలో వార్త వేశాం. అందులో క్రమశిక్షణ చర్య తీసుకున్న వాళ్ల పేర్లిచ్చాం. ఒకే ఇంటిపేరున్న ఇద్దరిలో ఒకరి బదులు మరొకరి పేరు పడింది. ఏ సంబంధమూ లేని అబ్బాయి. జాబితా చూసి రాసింది నేనే. ఇంకొకరి చేత సరిచూపించలేదు, అప్పటికే రాత్రి పదకొండు దాటింది, పేజీ ప్రెస్సుకు వెళ్లాలి. మరుసటి వారం సవరణ వేశాం. ఏడో పేజీ అడుగున, రెండు వాక్యాలు.

బాబాయి: ఏడో పేజీ అడుగునా?

నేను: అందరూ అక్కడే వేస్తారు, మీ పత్రికతో సహా. అదే పద్ధతి అనుకున్నాను.

బాబాయి: ఆ అబ్బాయి ఏమన్నాడు?

నేను: ఉత్తరం రాశాడు. నా పేరు మొదటి పేజీలో చెడగొట్టి ఏడో పేజీలో బాగుచేశారు, ఈ రెంటి మధ్య ఉన్న ఐదు పేజీలు నేను రోజూ తరగతికి నడిచే దారి అన్నాడు. పావలా కూడా పెట్టని పాఠకుడు బాబాయ్, ఏ హక్కుతో నిలదీయాలని మీరు అడిగారే, ఆ హక్కుతోనే నిలదీశాడు. ఆ ఉత్తరాన్ని ఒక్క మాట కూడా మార్చకుండా మొదటి పేజీలో పై భాగాన వేశాం. వెబ్‌సైటులో పాత వార్తను దిద్ది, ఏం దిద్దామో దాని పైనే రాశాం. ఆ తర్వాత నేను వెళ్లేదాకా పేర్లున్న ప్రతి వార్తనూ ఇద్దరు చూశాకే పంపాం. నా తర్వాత ఆ పద్ధతి ఉందో లేదో నాకు తెలియదు. మీరన్న మతిమరుపు నిజం, దాన్ని కాదనలేను.

బాబాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

బాబాయి: ఆ సంచిక నీ దగ్గర ఉందా?

నేను: ఉంది.

బాబాయి: తీసుకురా, ఆ ఉత్తరం చదవాలి.