నీటి పథకాల్లో చెరువు భూమికి పద్దు ఏదీ?

దాళ్వా (రెండో పంట) వరి కోతలు మొదలవగానే గోదావరి డెల్టా కాలువలు కట్టేయడం, ఆ లోపే సమ్మర్ స్టోరేజీ ట్యాంకులు, అంటే వేసవి కోసం నీరు దాచే చెరువులు నింపుకోవాలని అధికారులు ఆదేశాలివ్వడం, మే నెల సగానికి వచ్చేసరికి పట్టణాల్లో కుళాయి వేళలు కుదించడం పాఠకులకు కొత్త సంగతులు కావు. దీన్ని ఎండల మీదికి నెట్టేసి జూన్ కోసం ఎదురుచూడటం మన పాలకులకు అలవాటైపోయింది. ఈ కొరతకు మూలం నగరపాలక సంస్థల జమాఖర్చుల్లో ఉంది. చెరువు తవ్వేందుకు భూమి కొనే స్తోమత గానీ, కొనాలన్న ఆలోచన గానీ మన నగరాలకు లేకపోవడమే అసలు కథ.

లెక్క చూడండి. గోదావరి వరదల్లో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి దిగువకు పది లక్షల క్యూసెక్కులు వెళ్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 17 లక్షలకు మూడోది జారీ అవుతాయి. అయిదు లక్షల జనాభా గల నగరానికి, మనిషికి రోజుకు 135 లీటర్లన్న జాతీయ ప్రమాణం ప్రకారం కావలసింది రోజుకు 6.75 కోట్ల లీటర్లు, అంటే 28 క్యూసెక్కుల లోపు ప్రవాహం. ఏడాది పొడవునా తీసుకున్నా ఒక్క టీఎంసీ నిండదు. 2011 జనగణనలోనే కాకినాడ జనాభా మూడు లక్షలు దాటింది కాబట్టి, శివారు గ్రామాలను కూడా కలుపుకొని చూస్తే అయిదు లక్షలు అతిశయోక్తి కాదు. నదికి ఈ నీరు లెక్కలోకే రాదు. కాలువ 45 రోజులు ఆగినప్పుడు ఆ నగరానికి నిల్వ ఉండవలసిన సుమారు 300 కోట్ల లీటర్ల దగ్గరే చిక్కంతా ఉంది. మూడు మీటర్ల లోతున నిలబెట్టాలంటే నీరు పరుచుకునే మేరే 250 ఎకరాలు. గట్లు, ఆవిరయ్యేది, ఇంకిపోయేది దీనికి అదనం. నది ఒడ్డునే ఉన్న రాజమహేంద్రవరానికి ఈ బెడద తక్కువే గానీ, సామర్లకోట, అరట్లకట్ట చెరువుల మీద ఆధారపడే కాకినాడకు, కాలువల దిగువన ఉన్న భీమవరం వంటి పట్టణాలకు వేరే దారి లేదు. తీరానికి దగ్గరయ్యే కొద్దీ భూగర్భ జలం ఉప్పు కాబట్టి బోర్లు వేసి గట్టెక్కుదామన్నా కుదరదు.

ఇప్పుడు నిధుల సంగతి. పట్టణాల నీటి సరఫరా వంటి పనులకు కేంద్రం 2015లో తెచ్చిన అమృత్ పథకం మార్గదర్శకాలు ఏ ఖర్చులకు డబ్బు ఇవ్వకూడదో పేర్లు పెట్టి మరీ చెప్పాయి. భూమి కొనుగోలు, సిబ్బంది జీతాలు, విద్యుత్తు ఆ జాబితాలో ఉన్నాయి. అంటే నీటి సరఫరాకు ముందు కావలసిన భూమికీ, తరవాత నెలనెలా కట్టవలసిన కరెంటు బిల్లుకూ, మోటారు వేసే మనిషి జీతానికీ ఢిల్లీ డబ్బు రాదు; మధ్యలోని పైపులకు, ఫిల్టర్ బెడ్లకు, ఓవర్‌హెడ్ ట్యాంకులకు మాత్రం వస్తుంది. 2021 నాటి రెండో విడతలో లక్ష నుంచి పది లక్షల జనాభా గల నగరాలకు పథకం వ్యయంలో మూడో వంతే కేంద్రం వాటా. పదిహేనో ఆర్థిక సంఘం ఈ తరగతి నగరాల గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడిపెట్టింది, సంతోషమే. కానీ ఏ ఏటికి ఆ ఏడు వచ్చే గ్రాంటును చూసుకొని ఇరవై ఏళ్ల తరవాతి అవసరానికి భూమి కొనే అధికారి ఎక్కడున్నాడు? దాంతో డబ్బు దొరికే పనే ప్రణాళిక అయి కూర్చుంది. చెరువు పెరగకుండా కుళాయిలు పెంచుకుంటూ పోతే పాత నీటినే మరిన్ని ఇళ్లకు పలచగా పంచుతున్నామని అర్థం.

భూమికి డబ్బు ఎక్కడిదని అడుగుతారు. భూమి నుంచే రావాలి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక భీమవరం, అమలాపురం జిల్లా కేంద్రాలయ్యాయి, చుట్టుపక్కల వరిచేలు ప్లాట్లవుతున్నాయి. ఎకరాల లెక్కన కొన్న భూమిని గజాల లెక్కన అమ్మడంలో వచ్చే లాభం రియల్టరుది, ఆ ప్లాట్లలో లేచే ఇళ్లకు నీళ్లివ్వాల్సిన బరువు పురపాలక సంఘానిది. ప్రతి లేఅవుట్ అనుమతితో పాటు అందులో అయిదు శాతం భూమి విలువను చెరువు నిధికి జమ చేయించాలి, ఆ నిధిని మరో పద్దుకు మళ్లించకుండా చట్టంలోనే కట్టడి చేయాలి. అయిదు వేల ఎకరాల మేర లేఅవుట్లు వచ్చేసరికి 250 ఎకరాల ధర చేతికొస్తుంది. పైపులను ముప్పై ఏళ్ల అవసరానికి సరిపడా డిజైన్ చేసే ఇంజినీర్లు చెరువు భూమికి అదే లెక్క ఎందుకు వేయరో నాకు అంతుపట్టదు. ఆ పొలం ఈ రోజు వరిచేను ధరకు దొరుకుతుంది. పక్కన లేఅవుట్ పడ్డాక దాని వైపు చూడటానికే భయం వేస్తుంది.

ఇక కరెంటుకు, జీతాలకు మీటరు చార్జీ తప్పదు. పేదల మీద భారం మోపుతారా అని అభ్యంతరం చెప్పేవారున్నారు, పోలవరం పూర్తయితే ఈ గొడవే ఉండదని భరోసా ఇచ్చేవారూ ఉన్నారు. పోలవరం వచ్చినా పూడిక తీయడానికి, లాకులు బాగుచేయడానికి కాలువలు కొన్నాళ్లు మూసేయక తప్పదు. పేదల మాటకొస్తే, మొదటి కొన్ని వేల లీటర్లు నామమాత్రపు ధరకు ఇచ్చి, తోటలు తడిపే ఇళ్ల దగ్గర ఎక్కువ తీసుకోవచ్చు. పది రూపాయల చొప్పున ఇరవై లీటర్ల టిన్ను కొంటున్న కుటుంబం వెయ్యి లీటర్లకు 500 రూపాయలు కడుతున్నట్టే. ఆ భారం గురించి ఎవరూ ధర్నా చేయరు. 1847–52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ పుణ్యం చెప్పి పని సాధించలేదు, ఆనకట్ట వల్ల పెరిగే రాబడిని లెక్కగట్టి చూపి కుంపణీ ప్రభుత్వాన్ని ఒప్పించాడు. ఆయన విగ్రహానికి దండలు వేసే నాయకులు ఆ లెక్కల జోలికి మాత్రం పోరు.

అయితే పన్ను వేయాలన్నా, చెరువు నిధి పెట్టాలన్నా నిర్ణయించేది ఎవరు? నీటి సరఫరాను పురపాలక సంస్థల బాధ్యతల్లో చేర్చింది 74వ రాజ్యాంగ సవరణ. 2019లో పాలకవర్గం గడువు తీరాక రాజమహేంద్రవరం ఏళ్ల తరబడి ప్రత్యేకాధికారి చేతుల్లోనే ఉండిపోయింది, 2021 మార్చిలో రాష్ట్రంలోని చాలా నగరాలకు ఎన్నికలు జరిగినా దానికి జరగలేదు. 2022లో కాకినాడకూ అదే గతి పట్టింది. రెండేళ్లలో బదిలీ అయ్యే అధికారి ఇరవై ఏళ్ల చెరువు కోసం ఈ రోజు పన్ను వేసి తిట్లు తినడు, అది ఆయన తప్పూ కాదు. నగరాలు బాండ్లు అమ్మి అప్పు తెచ్చుకోనూ వచ్చు. 1998లో రాష్ట్ర ప్రభుత్వ హామీ లేకుండానే అహ్మదాబాద్ వంద కోట్ల బాండ్లు జారీ చేసింది. 2017లో పుణే నీటి సరఫరా కోసం 200 కోట్లు సమీకరించింది. సొంత రాబడి కనబడితేనే మదుపరి అప్పిస్తాడు, ఆ రాబడి పెంచమని జనాన్ని అడిగే ధైర్యం ఓట్లతో గెలిచిన కౌన్సిల్‌కే ఉంటుంది.

2027 గోదావరి పుష్కరాల కోసం ఘాట్లకు, రోడ్లకు అంచనాలు తయారవుతాయి. 2015లోనూ తయారయ్యాయి. ఈసారి అంచనాల్లో కాకినాడకు, భీమవరానికి, అమలాపురానికి చెరువు భూమి పద్దు చేర్చాలి, అవి మంత్రివర్గం ముందుకు వెళ్లకముందే ఆయా నగరాల పాలకవర్గాల్లో చర్చకు రావాలి. పాలకవర్గమే లేని చోట ముందుగా విడుదల కావలసింది ఎన్నికల నోటిఫికేషన్.