నెట్ లేకపోయినా నడిచే పాఠం

చదువుకున్న బడికి ఏదైనా చేయాలన్న తపన మనలో చాలామందికి ఉంది. అది ఎక్కువసార్లు ట్యాబ్‌ల పంపిణీతో ఆగిపోతోంది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు బడులకు అదే డబ్బుతో నెట్ అక్కర్లేని చిన్న సర్వరు పెట్టించి, దాన్ని చూసుకునే మనిషికి జీతమిస్తే పిల్లలకు ఎక్కువ కాలం పనికొస్తుందని నా గట్టి నమ్మకం.

కోనసీమలో గాలివాన వచ్చిందంటే కొబ్బరిమట్టలు విరిగి తీగల మీద పడతాయి. కరెంటు పోతుంది, ఆ వెనకే సిగ్నలూ పోతుంది. జులై, ఆగస్టుల్లో గోదారి పొంగితే లంక ఊళ్ళకు పడవే దిక్కు. నెట్‌ను నమ్ముకున్న పాఠం ఆ రోజుల్లో సాగదు.

కావలసిన సామాను కొంచెమే. 4 జీబీ మెమరీ ఉన్న రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు), పాఠాలు దాచడానికి 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, మామూలు వైఫై రూటరు, కరెంటు పోయినా కాసేపు నడిపే చిన్న యూపీఎస్. బోర్డులో నెట్ లేకుండా నడిచే సాఫ్ట్‌వేర్లు ఎక్కించాలి. కోలిబ్రి ఎక్కిస్తే వీడియో పాఠాలు, అభ్యాసాలు. కివిక్స్ ఎక్కిస్తే తెలుగు వికీపీడియా. బడిలో ఉన్న పాత ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఆ రూటరుకు తగిలించి బ్రౌజరు తెరిస్తే చాలు. బోర్డుకు సొంత వైఫై ఉంది కదా అని రూటరు మానేస్తారు కొందరు. తరగతి మొత్తం ఒకేసారి వీడియో తెరిస్తే అది తట్టుకోలేదు.

పాడయ్యేది ఎక్కువగా కరెంటు దగ్గరే. బోర్డుకు 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. దొరికిన ఫోను ఛార్జరు పెడితే వోల్టేజీ పడిపోయి మాటిమాటికీ రీస్టార్టవుతుంది. మెమరీ కార్డు మీద నడిపితే, ఏదో రాస్తుండగా కరెంటు పోయి ఫైళ్ళు చెడిపోతాయి. మర్నాడు బోర్డు లేవదు. ఎస్‌ఎస్‌డీ, యూపీఎస్ అందుకే. అయినా మొత్తం సిస్టమ్ నకలు ఒకటి హెడ్మాస్టరు గారి బీరువాలో ఉండాలి. ఆ నకలు ఫైలు 4 జీబీ దాటుతుంది కాబట్టి పెన్‌డ్రైవును పెద్ద ఫైళ్ళు పట్టే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేయాలి. పాత ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే కాపీ కాదు.

అంతర్వేది, ఓడలరేవు దగ్గర ఉప్పుగాలికి యూఎస్‌బీ పిన్నులు చిలుము పడతాయి. ఫ్యాను ఉన్న డబ్బా ఆ తేమగాలిని లోపలికి లాగుతుంది. వేడిని తానే పీల్చుకునే అల్యూమినియం డబ్బా తీసుకోండి. దాన్ని వరదనీరు అందనంత ఎత్తున గోడకు బిగించండి.

ఇక లోపల ఏం పెట్టాలి? యూట్యూబ్‌లో ఉచితంగా చూడగలిగినదల్లా కాపీ చేసి పంచడానికి హక్కున్నది కాదు. రాసినవారే పంచుకోవడానికి అనుమతిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉందా అని చూసుకోవాలి. అందులోనూ మార్పులు కూడదన్న షరతు ఉంటే మాస్టారు దాన్ని తెలుగు చేసి పంచలేరు. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ నమూనాలు (తెర మీద కదిపి చూసే సైన్సు ప్రయోగాలు) దించుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి, తెలుగులోకి వచ్చినవీ ఉన్నాయి. పీహెచ్ నమూనానే చూడండి. పీహెచ్ అంకె 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఆమ్లంలో నీళ్ళు పోసేకొద్దీ అంకె 7 వైపు కదులుతుంది, ఎంత పోసినా 7 దాటదు. బాగా నీళ్ళు కలిపితే ఆమ్లం క్షారమైపోతుందనుకునే పిల్లలకు నోటిమాటగా వందసార్లు చెప్పినా ఎక్కనిది ఇక్కడ రెండు నిమిషాల్లో ఎక్కుతుంది. ఆ వెంటనే పక్క రొయ్యల చెరువు నీళ్ళు సీసాలో తెప్పించి పీహెచ్ కాగితం ముంచాలి. రైతులు 7.5 నుంచి 8.5 మధ్య ఉండాలని ఎందుకు తాపత్రయపడతారో పదో తరగతి పిల్లలే అడుగుతారు. తెర మీద చూసింది చేత్తో చేయిస్తేనే ఈ ఖర్చుకు అర్థం.

మనం ఉన్నచోటి నుంచే చేయగల పని ఇంకొకటుంది. డెల్టా మాస్టార్లు ఏళ్ళ తరబడి రాసుకున్న మంచి నోట్సులు పాత అను ఫాంట్లలో టైపై ఉన్నాయి. ఆ ఫాంటు లేని ఫోన్లో తెరిస్తే పిచ్చిగీతలు. వాటిని ఏ ఫోన్లోనైనా కనిపించే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తులు, వట్రసుడులు అక్కడక్కడా తప్పుతాయి, సూత్రాల్లోని అంకెలు చెదురుతాయి. కంటితో దిద్దాల్సిందే. ముందుగా రాసిన మాస్టారి అనుమతి, ఏ లైసెన్సుతో పంచాలన్నదీ కాగితం మీద తీసుకుని, పదో తరగతి భౌతిక, జీవశాస్త్రాలతో మొదలుపెడదాం. ఒకరు దిద్దింది రెండోవారు మూలంతో సరిచూడాలి. సూత్రాలు మాత్రం తిరిగి ఆ మాస్టారే చూసి సరే అన్నాకే సర్వరులోకి ఎక్కించాలి.