‘ఈరోజే ఆపేయండి’ అని పంపుతున్నవాళ్లకు

భద్రకాళి బండ్ వాకింగ్ గ్రూపులో వచ్చింది, చుట్టాల గ్రూపులో వచ్చింది, నిన్న కాజీపేట దోస్తు ఒకరు మళ్లీ పంపారు. "సెరటోనిన్ కథ అబద్ధమని 2022లో తేలిపోయింది. మెదడు మందులన్నీ మత్తు బిళ్లలే, అలవాటైతే వదలవు, కిడ్నీలు పోతాయి. ఈరోజే ఆపి అశ్వగంధ వాడండి." ఆ గ్రూపుల్లోనే ఈ బిళ్లలు వేసుకునేవాళ్లు ఉన్నారు. పైకి చెప్పుకోరు, కానీ అన్నీ చదువుతారు.

సెరటోనిన్ అంటే మెదడులో ఉండే ఒక రసాయనం. ఆ మాటలో నిజముంది. తక్కువ సెరటోనిన్ వల్లే డిప్రెషన్ వస్తుందనడానికి నికరమైన ఆధారం లేదని 2022లో బ్రిటన్ సైకియాట్రిస్టు జొవానా మాంక్రీఫ్ బృందం రాసింది. కంపెనీలు, కొందరు డాక్టర్లు ఆ కథను మరీ సులువు చేసి చెప్పారు, అది తప్పే. కానీ మందులు పనిచేస్తాయా లేదా అన్నది ఆ పరిశీలన చూడనే లేదు. దాన్ని చూసింది 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ. 522 ట్రయల్స్ కలిపి చూస్తే 21 డిప్రెషన్ మందులూ ఉత్తుత్తి బిళ్ల (మందు లేని బిళ్ల) కంటే మెరుగని తేలింది. సగటు తేడా పెద్దదేమీ కాదు, కానీ ఉంది. ఇక బైపోలార్‌కు (అతి హుషారు, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బుకు) ఇచ్చే లిథియం 1949లోనే వచ్చింది. ఒంట్లో లిథియం తగ్గి బైపోలార్ వస్తుందని ఎవరన్నా అన్నారా? అయినా ఆ మందు పనిచేస్తుంది.

అన్నీ మత్తు బిళ్లలా? అలవాటయ్యేవి ఆందోళనకు ఇచ్చే అల్ప్రాజోలం లాంటివి. మన దగ్గర కల్తీ కల్లులో కలిపేది కూడా అదే, దాని మీద పంపండి మెసేజ్. కిడ్నీల భయం ముఖ్యంగా లిథియంతో. అందుకే రక్తపరీక్షలు చేయిస్తారు. అశ్వగంధ ఈ మందులకు బదులు కాదు.

నాకు కోపం తెప్పించేది "ఈరోజే" అన్న మాట. స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులకు ఇచ్చే ఒలాంజపిన్ ఆపితే మొదట్లో హాయిగానే ఉండవచ్చు. మగత పోతుంది, ఒళ్లు తేలికవుతుంది, మెసేజ్ నిజమే అనిపిస్తుంది. జబ్బు తిరగబెట్టేది వారాలకో నెలలకో. నిద్ర పట్టదు, ఇంట్లోవాళ్ల మీదే అనుమానం మొదలవుతుంది, జబ్బు వచ్చిందని ఆ మనిషికే తెలియదు. లిథియం ఒక్కసారిగా ఆపితే మేనియా (అదుపు తప్పిన అతి హుషారు) తిరిగి రావచ్చు, ఆత్మహత్య ప్రమాదం పెరుగుతుంది. డిప్రెషన్ మందు పారాక్సెటిన్ ఆపితే తల తిరుగుడు, తలలో షాక్ కొట్టినట్టు ఉండటం. చాలాకాలం వాడిన అల్ప్రాజోలం ఆపితే ఫిట్సే రావచ్చు. అప్పుడు దవాఖానకు మోసుకెళ్లేది ఎవరు? ఫార్వర్డ్ చేసినవాళ్లా, ఆ ఇంటి ఆడవాళ్లా?

బరువు పెరగడం, లైంగిక ఇబ్బందులు నిజం. రద్దీ ఓపీలో వాటి గురించి అడిగే టైమ్ దొరకదు, అందుకే జనం ఇలాంటివి నమ్ముతారు. పడకపోతే డాక్టరుకు గట్టిగా చెప్పండి. డోసు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు, మెల్లమెల్లగా మానిపించొచ్చు. డిప్రెషన్ మొదటిసారి వచ్చినవాళ్లలో చాలామందికి తగ్గాక కొన్ని నెలలు వాడించి ఆపేస్తారు కూడా. అడగడానికి మొహమాటమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఆ మెసేజ్ పంపినవాళ్లు ఏ గ్రూపులో పంపారో అదే గ్రూపులో "మందులు ఆపొద్దు" అని కూడా రాయండి. ఊరికే డిలీట్ చేస్తే సరిపోదు, ఎవరో ఒకరు ఇప్పటికే చదివి ఉంటారు.